స్లౌలో మా ఇంట్లో దొంగలు పడ్డారు: ల్యాప్‌టాప్‌లు, ఇండియా సిమ్ ఉన్న ఫోన్ పోయాయి. ముందు ఏం చేయాలి?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం అండి. మేం ఇంగ్లండ్‌లో, స్లౌలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నిన్న సాయంత్రం మా ఇంట్లో దొంగలు పడ్డారు. కార్తీక మాసం భోజనాలకని తెలుగువాళ్లం అందరం ఒక హాల్లో కలిశాం. గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఇక్కడ అయిదు కాకముందే చీకటి పడిపోతుంది కదా, ఆ వేళ చూసే వచ్చారు. పెరటి తలుపు తాళం కడ్డీని మధ్యకు విరిచేసి లోపలికి దూరారు.

బంగారం కోసం వచ్చారని ఇల్లు చూడగానే తెలిసిపోయింది. చీరల మడతలన్నీ విప్పి నేల మీద పడేశారు, దేవుడి మందిరం కింద సొరుగు లాగేశారు, బియ్యం డబ్బా కూడా బోర్లించారు. మా బంగారం ఊళ్లో లాకర్లో ఉంది కాబట్టి అది దొరకలేదు. నా మ్యాక్‌బుక్, మావారి ఆఫీసు ల్యాప్‌టాప్, ఐప్యాడ్, కెమెరా, బాబు నింటెండో స్విచ్, ఫొటోలున్న హార్డ్ డిస్క్, సొరుగులో ఉన్న పాత శాంసంగ్ ఫోన్ పట్టుకుపోయారు. మ్యాక్‌బుక్ ఛార్జర్ వైరు మాత్రం బల్ల మీద అలాగే వేలాడుతోంది. దాన్ని చూస్తేనే కడుపులో దేవినట్టవుతోంది.

అన్నిటికంటే ఆ పాత ఫోన్ గురించే టెన్షన్. నా ఇండియా సిమ్ అందులోనే ఉంది. బ్యాంకు ఓటీపీలు, ఆధార్ ఓటీపీలు అన్నీ ఆ నంబరుకే వస్తాయి. పోలీసులు రాత్రే వచ్చి చూసి క్రైమ్ రిఫరెన్స్ నంబరు ఇచ్చారు. వేలిముద్రల కోసం రేపు మనిషి వస్తారట. పోయిన ఆపిల్ వస్తువులు ఎక్కడున్నాయో చూపించే ఫైండ్ మై యాప్‌లో ఐప్యాడ్ ఇంకా ఒక చోట కనిపిస్తోంది. ఏది ముందు చేయాలో కాళ్లూ చేతులూ ఆడటం లేదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

హారో_పిన్ని

అయ్యో తల్లీ, మనుషులు క్షేమం, అది చాలు. వేలిముద్రల వాళ్లు వచ్చి వెళ్లేదాకా ఆ గదులు సర్దకు, తుడవకు. తాళం ముక్కలు, తలుపు గొళ్లెం అసలే ముట్టుకోకు. బాబును ఈ రాత్రికి ఎవరైనా స్నేహితుల ఇంట్లో పడుకోబెట్టు.

ఓరుగల్లు_తమ్ముడు

అక్కా, నేను సైబర్ సెక్యూరిటీలో పనిచేస్తా, రెడింగ్‌లో ఉంటా. ఐప్యాడ్ ఎక్కడుందో చూడటం కాసేపు పక్కన పెట్టండి. ఈ గంటలో చేయాల్సింది ఇండియా సిమ్ పని. ఆ ఫోన్‌కు లాక్ ఉన్నా సరే, సిమ్ బయటికి తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ వాళ్లకే వస్తాయి. సిమ్‌కు విడిగా పిన్ పెట్టి ఉంటే తప్ప దాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే మీ ఆపరేటర్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి వెంటనే బ్లాక్ చేయించండి. తర్వాత ఇండియాలో మీ బ్యాంకుకు చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపమనండి.

రెండోది ఈమెయిల్. ఓటీపీ తర్వాత అన్నిటికీ తాళంచెవి అదే. మీ చేతిలో ఉన్న ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు దాచుకునే అలవాటు ఉంటే వాటిలో బ్యాంకులవి మొదట మార్చండి. ఇక్కడి బ్యాంకుకు 159 డయల్ చేస్తే చాలు, చాలా బ్యాంకులకు ఆ నంబరు నేరుగా కలుస్తుంది.

మూడోది బావగారి ఆఫీసు ల్యాప్‌టాప్. సోమవారం దాకా ఆగొద్దు, ఇవాళే కంపెనీ ఐటీ వాళ్లకు చెప్పమనండి. అందులో వేరేవాళ్ల వ్యక్తిగత సమాచారం ఉండి, దానికి ముప్పుందనుకుంటే, కంపెనీ 72 గంటల్లోగా ఇక్కడి ఇన్ఫర్మేషన్ కమిషనర్ ఆఫీసుకు తెలియజేయాలి. ఆలస్యమైతే ఇబ్బంది పడేది బావగారే.

ఇవి అయ్యాకే వస్తువుల సంగతి. మ్యాక్‌బుక్, ఐప్యాడ్ రెండిటినీ ఫైండ్ మైలో లాస్ట్ మోడ్‌లో, అంటే పోయినట్టు గుర్తుపెట్టి లాక్ చేసే పద్ధతిలో పెట్టండి. శాంసంగ్‌ను గూగుల్ ఫైండ్ హబ్ నుంచి లాక్ చేయండి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు ఎంత చెప్పినా ఆ ఆపిల్ వస్తువులను మీ ఖాతాలోంచి తీసేయకండి. తీసేస్తే యాక్టివేషన్ లాక్, అంటే మీ పాస్‌వర్డ్ లేకుండా వాడనివ్వని తాళం పోతుంది, దొంగకు అది కొత్త వస్తువుతో సమానం. ఉంచితే విడిభాగాలకు తప్ప పనికిరాదు.

గోదారిగట్టు

చాలా థాంక్స్ తమ్ముడూ. బ్యాంకుకు చేశాను, నెట్ బ్యాంకింగ్ ఆపేశారు. మావారు ఆఫీసుకు చెప్పారు, ఆ ల్యాప్‌టాప్ డిస్క్ బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉందట, వాళ్లు అక్కడి నుంచే ఖాతా మూసేశారు. సిమ్ దగ్గరే చిక్కొచ్చింది. అది నాన్నగారి పేరు మీద ఉంది. నేను ఇక్కడికి వచ్చేముందు రాజమండ్రిలో ఆయనే తీసిచ్చారు. వివరాలు ఆయనవి కాబట్టి ఆయన మాట్లాడితే మేలని ఆపరేటర్ వాళ్లు అంటున్నారు. అమ్మావాళ్లకు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదు. నాన్నకు బీపీ.

విశాఖ_అల

మాకూ ఇదే పరిస్థితి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లకు దాచిపెట్టి ఆ పని చేయించలేం, చెప్పేయండి. "మేమంతా బాగున్నాం, వస్తువులు పోయాయి, ఒక్క పని నీ చేతిలో ఉంది నాన్నా" అని చెబితే, వాళ్లు కంగారు పడటం కన్నా ఆ పని మీదే ఉంటారు. మా నాన్న అయితే షాపు తెరవకముందే వెళ్లి నిలబడ్డారు.

నాన్నగారు ఆధార్ కార్డు పట్టుకుని ఆపరేటర్ స్టోర్‌కు వెళ్లి వేలిముద్ర వేస్తే అదే నంబరుతో కొత్త సిమ్ ఇస్తారు. దాంతో దొంగ దగ్గరున్న సిమ్ చచ్చిపోతుంది. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, మోసాలు జరక్కుండా పెట్టిన నిబంధన అది. ఓటీపీ రాలేదని ఆయన కంగారు పడతారు, ముందే చెప్పి ఉంచండి.

ఓరుగల్లు_తమ్ముడు

విశాఖ_అల గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒకటి కలుపుతా. ఆ నంబరు మీద వాట్సాప్ కూడా ఉంటే, కొత్త సిమ్ వచ్చేదాకా ఆగకుండా వాట్సాప్ సపోర్ట్‌కు మెయిల్ పెట్టండి. ఫోన్ పోయింది, ఖాతా ఆపండి అని రాసి, ప్లస్ 91తో పూర్తి నంబరు ఇవ్వండి. లేకపోతే మీ పేరుతో మేనత్తకో పెదనాన్నకో "అర్జెంటుగా డబ్బులు పంపు" అని మెసేజీలు పోతాయి. దొంగతనం జరిగిందని వాళ్లకు ముందే తెలిస్తే ఇంకా నమ్ముతారు.

పాలమూరు_నేస్తం

అక్కా, ఐప్యాడ్ ఎక్కడుందో కనిపిస్తోంది అంటున్నారు కదా. ఇంక ఆలోచించేది ఏముంది? స్లౌ, హౌన్‌స్లో ఊళ్ల చుట్టుపక్కల మనవాళ్లం ఓ పదిమందిమి వస్తాం, పోయి తలుపు కొడదాం. పోలీసులు వచ్చేసరికి అది ఎవరికో అమ్మేస్తారు. మన కష్టార్జితం, మనమే తెచ్చుకోవాలి.

హారో_పిన్ని

బాబూ, నీ మంచి మనసు అర్థమైంది, కానీ వద్దు నాయనా. అక్కడ తలుపు తీసేవాడి చేతిలో ఏముంటుందో తెలియదు. పైగా వీసా మీద ఉన్న పిల్లలు వాళ్ల గుమ్మంలో గొడవపడితే కేసు ఎవరి మీదకు తిరుగుతుందో కూడా చెప్పలేం.

ఓరుగల్లు_తమ్ముడు

నేస్తం అన్నా, ఆ లొకేషన్ చుక్క ఒక ఫ్లాట్‌ను చూపించదు. నాలుగంతస్తుల బిల్డింగ్‌లో ఏ తలుపు అంటే చెప్పలేదు, పక్క సందు కూడా కావచ్చు. మనం కొట్టే తలుపు ఏ పాపం తెలియని ముసలావిడది అయితే? స్క్రీన్‌షాట్‌లు తీసి, సమయం కనిపించేలా, మ్యాప్ దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి క్రైమ్ రిఫరెన్స్ నంబరుతో పోలీసులకు పంపాలి. లొకేషన్ మారిన ప్రతిసారీ మళ్లీ పంపాలి. అది పని చేస్తుందని నేను ఊరికే అనట్లేదు. 2024 క్రిస్మస్ ముందురోజు ఒకరు పోయిన తమ ఐఫోన్ హీత్రో విమానాశ్రయం దగ్గర ఒక గోదాములో ఉన్నట్టు చూశారు. అక్కడి సెక్యూరిటీ సహకరించి పెట్టె తెరిస్తే, ఆ ఫోన్‌తో పాటు మరో 894 ఫోన్లు దొరికాయి. అన్నీ హాంకాంగ్ పోవాల్సినవే. ఆ ఒక్క సమాచారం పట్టుకుని లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు తీగ లాగితే, ఏడాదిలో 40,000 దాకా ఫోన్లను చైనాకు దాటించిన ముఠా బయటపడింది. 2025 అక్టోబరులో ఇక్కడ వార్తల్లో వచ్చింది.

పాలమూరు_నేస్తం

సరే తమ్ముడూ, పోవద్దంటే పోను. కానీ లొకేషన్ కళ్లముందు కనిపిస్తున్నా పోలీసులు ఎందుకు లోపలికి పోరు? అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

సింహపురి

మామూలుగా వారెంటు కావాలండి. ఒక చుక్క చూపించి ఫలానా ఇల్లు అని కోర్టులో చెప్పడం కష్టం. 2025 ఫిబ్రవరిలో పార్లమెంటులో పెట్టిన క్రైమ్ అండ్ పోలీసింగ్ బిల్లులో, ఇలా లొకేషన్ తెలిసిన దొంగసొత్తు కోసం వారెంటు లేకుండానే లోపలికి వెళ్లే అధికారం ఇవ్వాలని ప్రతిపాదించారు. అలాంటి అధికారం మనలాంటి వాళ్లకు పెద్ద ఊరట. ఇక ఇంగ్లండ్, వేల్స్ పోలీసు విభాగాలన్నీ ఇంటి దొంగతనం జరిగితే ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్తామని 2022 అక్టోబరులో మాటిచ్చాయి. మీ దగ్గరికి రాత్రే వచ్చారంటే సంతోషం. ఎవరింటికైనా రాకపోతే ఆ మాట గుర్తుచేసి అడగండి, అడిగే హక్కు మనకుంది.

కృష్ణాతీరం

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ రాయలేదు. నేను క్లెయిమ్‌ల విభాగంలోనే చాలాకాలంగా పనిచేస్తున్నాను, నాకు తెలిసింది రాస్తాను. గోదారిగట్టు గారూ, మీకు కంటెంట్స్ ఇన్సూరెన్స్, అంటే ఇంట్లోని మీ సామాన్లకు బీమా ఉందా? ఇంటి ఓనర్ ఇన్సూరెన్స్ గోడలకు, ఆయన సామాన్లకు మాత్రమే. మీ వస్తువులకు పైసా రాదు. అద్దెకుండే మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు.

గోదారిగట్టు

ఉందండి. మావారు ఇల్లు మారినప్పుడు తీసుకున్నారు. కానీ బిల్లులు చాలావరకు లేవు. కెమెరా అయితే మా పెళ్లికి ముందు హైదరాబాద్‌లో కొన్నది.

కృష్ణాతీరం

అయితే సగం గట్టెక్కినట్టే. వాళ్ల హెల్ప్‌లైన్‌కు ఇవాళే చెప్పండి, తర్వాత వివరాలు ఇవ్వొచ్చు. చాలా పాలసీల్లో ఎప్పటిలోగా చెప్పాలో గడువు ఉంటుంది.

బిల్లు ఒక్కటే రుజువు కాదు. వస్తువు మీదేనని, మీ దగ్గర ఉండేదని తెలిస్తే చాలు. ఆన్‌లైన్‌లో కొన్నవైతే ఆర్డర్ల చరిత్ర ఉంటుంది, కార్డు స్టేట్‌మెంట్ ఉంటుంది. మ్యాక్‌బుక్, ఐప్యాడ్ సీరియల్ నంబర్లు మీ ఆపిల్ ఖాతాలో పరికరాల జాబితాలో కనిపిస్తాయి. అట్టపెట్టెలు అటక మీద ఉంటే వాటి పక్కన అంటించిన స్టిక్కర్ మీద సీరియల్, ఫోన్‌కైతే ఐఎమ్ఈఐ అనే గుర్తింపు నంబరు కూడా ఉంటాయి. ఇంట్లో పుట్టినరోజు ఫొటోల్లో వెనకాల బల్ల మీద ల్యాప్‌టాప్ కనిపిస్తే ఆ ఫొటో కూడా పెట్టండి, మేం చూస్తాం. కెమెరాకు ఒక మార్గం ఉంది. దాంతో తీసిన పాత ఫొటో ఎక్కడైనా, ఎవరికైనా మెయిల్‌లో ఒరిజినల్‌గా పంపింది ఉంటే వెతకండి. చాలా కెమెరాలు ప్రతి ఫొటో లోపల తమ సీరియల్ నంబరు రాసి ఉంచుతాయి. వాట్సాప్‌లో వచ్చిన కాపీలో అది ఉండదు.

పాలసీ కాగితంలో మూడు చోట్ల చూడండి. ఒక్కో వస్తువుకు గరిష్ఠ పరిమితి ఎంతో. చాలా పాలసీల్లో 1,000 నుంచి 2,000 పౌండ్ల మధ్య ఉంటుంది, అంతకు మించిన ల్యాప్‌టాప్‌ను పేరు పెట్టి రాయించి ఉండాలి. రెండు, పాతదానికి కొత్తది ఇస్తారా, అరుగుదల తీసేసి ఇస్తారా. మూడు, ఎక్సెస్, అంటే మీరు భరించాల్సిన మొదటి మొత్తం. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను మీ క్లెయిమ్‌లో కలపకండి, అది కంపెనీ సొత్తు.

తాళం విరిచి వచ్చారన్నారు కదా, ఆ విరిగిన ముక్కల ఫొటో దగ్గరగా తీసి పెట్టుకోండి. బలవంతంగా చొరబడ్డ ఆనవాలు ఉండాలని చాలా పాలసీల్లో షరతు ఉంటుంది. తాళం మార్చేవాడు వచ్చి పాతది తీసుకెళ్తానంటే ఇవ్వకండి. తలుపు బాగుచేయించాల్సింది ఓనరు, ఆయనకు క్రైమ్ రిఫరెన్స్ నంబరు ఇచ్చి ఇవాళే రాతపూర్వకంగా అడగండి.

నిర్వాహకులు

చిన్న మనవి: పోయిన వస్తువుల సీరియల్ నంబర్లు, లొకేషన్ స్క్రీన్‌షాట్‌లు, క్రైమ్ రిఫరెన్స్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. పోలీసులకు, ఇన్సూరెన్స్‌కు మాత్రమే ఇవ్వండి.

డల్లాస్_తెలుగోడు

అమెరికాలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడ అద్దె ఇళ్లవాళ్లకు రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంటుంది, పోలీస్ రిపోర్ట్ నంబరు లేకుండా క్లెయిమ్ కదలదు. ల్యాప్‌టాప్‌లో పాస్‌పోర్టు కాపీలు, టాక్స్ రిటర్నులు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటాయి కాబట్టి ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్, అంటే మీ పేరుతో ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా ఆపే ఏర్పాటు పెట్టండి. 2018 సెప్టెంబరు నుంచి ఇది దేశమంతటా ఉచితం. పన్నుల శాఖ దగ్గర ఐపీ పిన్ కూడా తీసుకోండి, మీ పేరుతో ఎవరూ రిటర్ను వేయలేరు. సీరియల్ నంబర్లు పోలీసులకు తప్పకుండా ఇవ్వండి. తాకట్టు షాపులకు వచ్చే వస్తువుల నంబర్లు చాలా రాష్ట్రాల్లో పోలీసులు చూసే డేటాబేస్‌లోకి వెళ్తాయి, అక్కడ పట్టుబడే అవకాశం ఉంటుంది.

ఓరుగల్లు_తమ్ముడు

యూకేలో అలాంటి పూర్తి ఫ్రీజ్ లేదు కానీ సిఫాస్ అనే సంస్థ దగ్గర ప్రొటెక్టివ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు, కొద్దిగా ఫీజు ఉంటుంది. మీ పేరుతో ఎవరైనా అప్పుకు, కార్డుకు దరఖాస్తు పెడితే సభ్య సంస్థలు మరోసారి తనిఖీ చేస్తాయి. అక్కా, మీ మ్యాక్‌బుక్‌లో పాస్‌పోర్టు స్కాన్‌లు, పాన్ కార్డు, పేస్లిప్‌లు ఉన్నాయా?

గోదారిగట్టు

ఉన్నాయి తమ్ముడూ, వీసా పనులకని ఒక ఫోల్డర్‌లో అన్నీ పెట్టాను. డిస్క్‌ను లాక్ చేసే ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉన్నట్టు గుర్తు.

ఓరుగల్లు_తమ్ముడు

ఫైల్‌వాల్ట్ ఉంటే పాస్‌వర్డ్ తెలియకుండా ఫైళ్లు తెరవలేరు, కొంత నిబ్బరంగా ఉండొచ్చు. అయినా సిఫాస్ తీసుకోండి, హార్డ్ డిస్క్‌లో ఏమేం కాపీలున్నాయో ఖాయంగా చెప్పలేం కదా.

మరొకటి. పాత శాంసంగ్‌ను ఇక్కడి నెట్‌వర్క్‌లో వాడి ఉంటే వాళ్లకు ఐఎమ్ఈఐ ఇచ్చి బ్లాక్ చేయించండి. ఆ 15 అంకెలు ఫోన్ పెట్టె మీద ఉంటాయి. ఇప్పుడు ఇది చదువుతున్న మిగతావాళ్లు దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాకుండా, ఈ పూటే *#06# కొట్టి ఇంట్లో అందరి ఫోన్ల నంబర్లూ రాసి పెట్టుకోండి. ఇమ్మొబిలైజ్ అనే జాతీయ రిజిస్టర్‌లో ఉచితంగా నమోదు కూడా చేసుకోవచ్చు. దొంగసొత్తు దొరికినప్పుడు పోలీసులు అందులోనే వెతుకుతారు. పోయాక కూడా పోయినట్టు గుర్తు పెట్టొచ్చు. సెకండ్‌హ్యాండ్ షాపులు చాలావరకు కొనేముందు అది దొంగసొత్తా కాదా అని చెక్‌మెండ్ అనే సేవలో చూస్తాయి, దానికి ఇమ్మొబిలైజ్ నుంచి కూడా సమాచారం వెళ్తుంది.

విశాఖ_అల

కొన్నాళ్లకు మీకు ఒక మెసేజ్ వస్తుంది, గుర్తుపెట్టుకోండి. "మీ ఐప్యాడ్ దొరికింది, లొకేషన్ చూడటానికి ఇక్కడ నొక్కండి" అని. నొక్కితే అచ్చం ఆపిల్ పేజీలా ఉంటుంది, ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. యాక్టివేషన్ లాక్ తీయించుకోవడానికి వాళ్లు వేసే వల అది. మా తోడికోడలికి అలాంటివే వరసగా వచ్చాయి, ఆఖరికి "ఖాతాలోంచి తీసేయకపోతే మీ ఫొటోలు బయటపెడతాం" అని బెదిరింపు కూడా వచ్చింది. పట్టించుకోలేదు, ఏమీ కాలేదు. లాస్ట్ మోడ్‌లో పెట్టే ఫోన్ నంబరు మీ సొంతది ఇవ్వకుండా, ఇంకో నంబరు ఏదైనా ఉంటే అది ఇవ్వండి.

గోదారిగట్టు

నిన్నటి నుంచి జరిగింది చెబుతాను. నాన్నకు చెప్పేశాను. ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "నువ్వు ఫోన్ పెట్టెయ్, నేను వెళ్లొస్తా" అన్నారు. మధ్యాహ్నానికల్లా కొత్త సిమ్ వచ్చింది. బ్యాంకుకు ఇంకా ఇండియా నంబరే ఎందుకు ఉంచుకున్నావని అడిగారు, దానికి నా దగ్గర సమాధానం లేదు.

వేలిముద్రల ఆవిడ కూడా వచ్చింది. తలుపు అంచుల మీద, సొరుగు పిడుల మీద కుచ్చు బ్రష్‌తో బూడిదరంగు పొడి అద్దుతూ పోయింది. అన్నిచోట్లా గ్లవ్స్ అల్లిక గుర్తులే పడ్డాయి. కిటికీ గట్టు మీద మాత్రం బూటు అడుగు ఒకటి స్పష్టంగా ఉంది. దాన్ని జిగురు షీటు మీదకు ఎత్తుకుని, అంచున తేదీ రాసి కవర్లో పెట్టింది. ఇదే బూటు గుర్తు ఇంకో ఇంట్లోనూ దొరికితే రెండు కేసులూ కలుస్తాయని చెప్పింది. ఎంతో ఓపికగా బాబు ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చింది.

ఫొటోల హార్డ్ డిస్క్ గురించి ఇప్పుడు ఏడుపొస్తోంది. బాబు మొదటి అడుగులు, మా తాతయ్య చివరిసారి మాట్లాడిన వీడియో అందులో ఉన్నాయి. ల్యాప్‌టాప్ పోతే ఇంకోటి కొంటాం.

హారో_పిన్ని

తల్లీ, ఆ వీడియో నువ్వొక్కదానివే చూసి ఉండవు. చుట్టాలందరి గ్రూపులోనూ అడుగు. మా ఆయన పోయాక ఆయన పాటలు పాడిన టేపు పాడైపోయిందని కుమిలిపోతుంటే, విజయనగరంలో మా ఆడపడుచు కూతురి పాత ఫోన్‌లో దొరికింది. బాబు వీడియోలు నువ్వు ఎవరెవరికి పంపావో గుర్తు చేసుకో. పాత ఫోన్ల గూగుల్ ఫొటోస్ ఖాతాలు కూడా తెరిచి చూడు, మావాళ్లు ఎవరూ పెట్టకుండానే అందులోకి కొన్ని వెళ్లి ఉన్నాయి.

పిల్లాడు రాత్రిళ్లు భయపడుతుంటే విక్టిమ్ సపోర్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, డబ్బులు తీసుకోరు. పెద్దవాళ్లతోనూ మాట్లాడతారు. సిగ్గుపడకుండా ఫోన్ చెయ్యి. ఇల్లు దోచుకుపోయాక ఆ ఇంట్లోనే పడుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

గోదారిగట్టు

పిన్ని గారూ, మీ మాట పుణ్యమా అని ఇవాళ గ్రూపులో అడిగాను. తాతయ్య వీడియో కాకినాడలో మా పెద్దమామయ్య దగ్గర ఉంది! పూర్తిది కాదు, వాట్సాప్‌లో పంపిన చిన్న ముక్క. అదే పదివేలు.

సింహపురి

గోదారిగట్టు గారూ, బాబు స్విచ్ గురించి కూడా. నింటెండో ఖాతా పాస్‌వర్డ్ మార్చి, వెబ్‌సైట్ నుంచి ఆ మెషీన్‌ను ఖాతాలోంచి తొలగించండి, ఇది ఆపిల్ లాంటిది కాదు. డిజిటల్‌గా కొన్న ఆటలు ఖాతాకే ఉంటాయి, కొత్త మెషీన్‌లో మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పిల్లాడికి ఆ సంగతి చెప్పండి, ఊరట పడతాడు. క్యాసెట్టులా వేసే కార్డులు పోతే అవి మాత్రం క్లెయిమ్‌లో రాయండి.

పాలమూరు_నేస్తం

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో రోజూ వెతుకుతున్నా అక్కా. మీ కెమెరా మోడల్ చెప్పండి, కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి మీకే పంపుతా, అమ్మేవాడితో మాట్లాడను.

కృష్ణాతీరం

మంచి పని. అయితే ఒక విషయం గమనించండి. ఇన్సూరెన్స్ డబ్బు చేతికొచ్చాక ఆ వస్తువు దొరికితే అది సాధారణంగా కంపెనీదే అవుతుంది. హార్డ్ డిస్క్ లాంటిది దొరికితే మాకే ఇవ్వండని క్లెయిమ్ సమయంలోనే మెయిల్‌లో రాయండి.

ఇంకా, కంపెనీ మొదట చెప్పిన మొత్తమే ఆఖరు మాట అనుకోకండి. ఎందుకు తగ్గించారో రాతపూర్వకంగా అడగండి. తృప్తిగా లేకపోతే ఫిర్యాదు అని స్పష్టంగా రాసి పంపండి. ఎనిమిది వారాల్లో తుది జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మనకు ఖర్చు ఉండదు. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. మనవాళ్లు "పోనీలే, ఇచ్చిందే చాలు" అని ఊరుకోవడం నేను ఆఫీసులో ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. కట్టిన ప్రీమియం మీది.

విశాఖ_అల

ఇండియా నంబరు సంగతి మళ్లీ ఒకసారి. మీ నాన్నగారు అడిగింది సరైన ప్రశ్న. చాలా బ్యాంకులు ప్రవాసులకు ఇచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు విదేశీ నంబరు తీసుకుంటాయి, ఓటీపీలు దానికే పంపుతాయి. యూకే నంబరుతో యూపీఐ వాడుకునే వీలు కూడా 2023లో వచ్చింది, మీ బ్యాంకు ఇస్తోందో లేదో అడగండి. ఆధార్‌కు మాత్రం ఇండియా నంబరు ఉంచుకోక తప్పదు. ఆ కొత్త సిమ్ చేతికి రాగానే సిమ్ పిన్ పెట్టండి. మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయిపోతుంది.

ఏలూరు_రోడ్డు

ఈ చర్చ మొత్తం చదివాను, అందరికీ ధన్యవాదాలు. నాదొక సందేహం. మేం మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. సంక్రాంతికి కలిసొచ్చేలా డిసెంబరు మధ్యలో ఇండియా వెళ్లి జనవరి చివర వస్తాం, ఆరు వారాలు ఇల్లు ఖాళీ. ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి పరవాలేదా? తాళాలకు ఏం చేయాలి?

కృష్ణాతీరం

పరవాలేదు అనుకోకండి. చాలా పాలసీల్లో ఇల్లు వరుసగా 30 రోజులు, కొన్నింటిలో 60 రోజులు మించి ఖాళీగా ఉంటే దొంగతనానికి కవర్ ఆగిపోతుంది. ఇండియా వెళ్లే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. టికెట్లు కొన్న వెంటనే కంపెనీకి ఫోన్ చేసి తేదీలు చెప్పి, కవర్ పొడిగించమనండి. పొడిగించినట్టు మెయిల్‌లో తెప్పించుకోండి.

ఓరుగల్లు_తమ్ముడు

తాళం సంగతి నేను చెబుతా. ప్లాస్టిక్ ఫ్రేము తలుపులకుండే మామూలు సిలిండర్‌ను, అంటే తాళంచెవి దూరే కడ్డీని కొన్ని సెకన్లలో విరిచేస్తారు, గోదారిగట్టు అక్క వాళ్లకు జరిగింది అదే. టీఎస్ 007 మూడు నక్షత్రాల గుర్తు గానీ, సోల్డ్ సెక్యూర్ డైమండ్ గుర్తు గానీ ఉన్న సిలిండర్ వేయించండి. అద్దె ఇల్లైతే ఓనర్‌కు చెప్పి వేయించండి. ఇక ఈ తలుపులకు హ్యాండిల్ పైకెత్తితే సరిపోదు, ఎత్తాక తాళంచెవి తిప్పితేనే కొక్కేలన్నీ బిగుసుకుంటాయి. సాయంత్రం వెలిగే టైమర్ లైటు ఒకటి ముందు గదిలో, ఒకటి మేడ మీద పెట్టండి. ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ నమ్మకమైనవాళ్ల ఇంట్లో పెట్టి వెళ్లండి. విమానం ఎక్కే ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

ఏలూరు_రోడ్డు

ఇప్పుడే పాలసీ తీసి చూశాను. 30 రోజులే ఉంది. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.